రెండు క్యాన్లకూ ఒకే బొమ్మ

నా చెల్లెలి గొంతు గురించి ముందు చెప్పాల.

మా వీధికి నీళ్ల ట్యాంకరు మూడు దినాలకొకసారి వచ్చేది. ఏ పొద్దు వస్తుందో ఎవరికీ తెలీదు. డ్రైవరు హారను కొట్టినా మలుపు అవతలికి వినపడదు. నా చెల్లెలు గడపలో నిలబడి ఒక్క అరుపు అరిచేది. "ట్యాంకరొచ్చెనమ్మో! బిందెలెత్తుకోండి!" అంటే పైవీధి వాళ్లు పొయ్యి మీద కూడు వదిలిపెట్టి పరిగెత్తేవాళ్లు. గుట్ట కింద గొర్రెలు మేపుకొనేవాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. "నీ గొంతుకు ఒక మూత చేపించాల మే" అని నేను తిట్టేదాన్ని. "మూత వేస్తే నీళ్లొచ్చిన సంగతి నీకెవరు చెప్తారక్కా?" అని అది నవ్వేది.

ఇప్పుడు దానికి నాలుగు మాటలకొకసారి ఊపిరి అందదు. అరుపు రానే రాదు. ఆ గొంతు ఎట్ల పోయిందో, అందులో నా చెయ్యి ఎంత ఉందో రాసిపెట్టాలని కూర్చున్నాను.

నాకు చదువు మూడో తరగతితో అయిపోయింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతాను, నిదానంగా రాస్తాను. చెల్లెలు బడి మొగమే చూడలేదు. నేను బడికి పోయిన మూడేండ్లూ ఇంట్లో గొర్రెపిల్లలు కాసింది అదే. ఈ కాగితాలు కూడా నేను కొన్నవి కావు. షెడ్డులో తరగతి పెట్టిన పొద్దు పంచినవి. ఒక పక్క బొమ్మలుండాయి, ఇంకో పక్క తెల్లగా ఉంది. తెల్లగా ఉండే కాగితం పారేసే అలవాటు నాకు లేదు.

చిలమత్తూరు దాటి కర్ణాటక పక్కకు పోయే రోడ్డు మీద రేకుల షెడ్లు చాలా ఉన్నాయి. బోర్లు ఎండిపోయి చెనక్కాయ పంట మానుకున్నాక మా ఊరి ఆడోళ్లం అందరం ఏదో ఒక షెడ్డులోకి పోయినాము. మాది జీన్సు ప్యాంట్లు ఉతికే షెడ్డు. కొత్త ప్యాంట్లను పెద్ద మిషన్లలో వేసి, బ్లీచింగు నీళ్లు పోసి తిప్పి, ఆడాడ వెలిసిపోయేట్టు చేయడం ఆడ పని. మొదటి దినం నాకు ఒళ్లు మండింది. "కొత్త గుడ్డను కావాలనే పాతది చేస్తారా? మా ఊరికి పంపండప్పా, నాలుగు నెలల్లో ఉత్తగానే చేసిస్తాము" అన్నాను. అందరూ నవ్వినారు. నేను నవ్వేకి అనలేదు.

ఆ షెడ్డులో భయపడాల్సినవి రెండు. ఒకటి ఆ బ్లీచింగు నీళ్లు. రెండోది ఆసిడ్. ఈడ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నెల తిరిగేసరికి మిషన్ల లోపల తెల్లగా పెంకు కడుతుంది. ఆ పెంకు వదలాలంటే ఆసిడ్ పోసి కడగాల. రెండూ పెద్ద డ్రమ్ముల్లో వస్తాయి. వాటిని నీలం క్యాన్లలోకి పోసుకొని మిషన్ల కాడికి మోసుకుపోవడం నాదీ నా చెల్లెలిదీ. రెండూ లేత పసుపు నీళ్లే. క్యాన్లు ఒకే మాదిరివి. ఈ రెండూ ఎన్నడూ కలవకూడదు, కలిస్తే విషపు పొగ లేస్తుందని పాత మేస్త్రీ మొదటి దినమే చెప్పినాడు. ఆ మాట మా ఆడోళ్లలో తెలియనిది ఒక్కటీ లేదు. చెల్లెలికీ తెలుసు. ఇది గుర్తు పెట్టుకోండి.

పన్నెండు మంది ఆడోళ్లలో అక్షరం వచ్చింది నాకొక్కదానికే. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టినాను. నా పాత ఎర్ర చీర చించి ఆసిడ్ క్యాన్ల చెవులకు ఎర్ర పేలిక కట్టినాను. చచ్చిపోయిన మా ఆయన పంచె చించి బ్లీచింగు క్యాన్లకు తెల్ల పేలిక కట్టినాను. ఎర్రవి ఈ మూల, తెల్లవి ఆ మూల. అయినా అనుమానం వస్తే మూత కొంచెం వదులు చేసి, చేత్తో గాలి విసురుకొని వాసన పట్టాల. పేలిక మాసిపోతే మార్చాల. ఆరేండ్లు ఒకరికి గోరు కూడా కాలలేదు.

ఇంకొక అలవాటు కూడా నేను పెట్టిందే. పని దిగే ముందర క్యాన్ల అడుగున మిగిలినదాన్ని వృథా పోనీకుండా ఎర్రదాన్ని ఎర్రదాంట్లోకి, తెల్లదాన్ని తెల్లదాంట్లోకి వంచేస్తాము. రెండు సగం క్యాన్లు కలిస్తే ఒక నిండు క్యాను అవుతుంది, ఒకటి ఖాళీ అవుతుంది. క్యాన్లు కొంచెం పాతబడినాక అట్ల ఖాళీ అయినదాన్ని వంతు ప్రకారం ఇంటికి తీసుకపోనిస్తారు. ఏడు నీళ్లు పోసి కడిగి, మూడు దినాలు ఎండబెట్టి, ట్యాంకరు నీళ్లు పట్టుకొనేకి పెట్టుకుంటాము. తాగేకి కాదు, ఒళ్లు కడుక్కొనేకి, గిన్నెలకు. మా పక్క ఒక క్యాను అంటే ఒక దినం నీళ్లు. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో అందరికీ నోటికి వచ్చు.

కరోనా పోయినాక పై దేశం వాళ్ల ఆర్డరు వస్తుందని షెడ్డులో సంబరం మొదలైంది. మా సూపర్‌వైజరు నా కొడుకు వయసువాడు, మంచోడే. ఒక పొద్దు అందర్నీ నిలబెట్టి చెప్పినాడు. "అవ్వా, అక్కలారా, ఇంగమీద ఆసిడ్, బ్లీచింగు లాంటి మన మందులన్నిటికీ ప్రపంచమంతా ఒకే గుర్తులు. మనకూ అవే. ఆ గుర్తులు లేకుంటే ఆర్డరు లేదు. బెంగళూరు నుంచి మేడమ్ వస్తుంది, తరగతి చెప్తుంది."

మేడమ్ చిన్న పిల్ల. మొగం మంచిది. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడింది. గోడకు పెద్ద పటం తగిలించింది. దాని మీద గాలిపటం మాదిరి నిలబెట్టిన ఎర్ర అంచు గడులు తొమ్మిది, ఒక్కోదాంట్లో ఒక్కో నల్ల బొమ్మ. మంట, పుర్రె, పేలే గుండు, ఇట్లాంటివి. మేము కింద బండల మీద కూర్చున్నాము.

ఒక బొమ్మలో మనిషి ఎదలో నక్షత్రం మాదిరి పగులు ఉంది. నా చెల్లెలు గమ్మునుంటుందా?

"మేడమ్మా, ఈయప్పకు ఎదలో చుక్క పొడిచిందేమి?"

"అది లోపలి జబ్బమ్మా. పీలుస్తా పీలుస్తా ఉంటే నిదానంగా లోపల చెడిపోతుంది."

"మా ఇంటాయనకు అదే ఉండె, సారాయితో. ఏ సీసా మీదా ఈ బొమ్మ వేయకపోయిరే!"

ఆడోళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేడమ్ కూడా నవ్వింది. ఆ తర్వాత చచ్చిన చేప బొమ్మ చూపించింది. మందు నీళ్లలో కలిస్తే చేపలు చస్తాయని చెప్పింది.

"అట్లయితే మాకేం భయం లేదులేమ్మా" అనింది చెల్లెలు. "మా చెరువులో చేపలు చచ్చేకి కూడా నీళ్లు లేవు."

నేను దాని తొడ గిల్లినాను. ఆ తర్వాత వచ్చింది అసలు బొమ్మ. రెండు గొట్టాల్లోంచి నీళ్లు కారతాంటాయి, ఒకటి చేతి మీద, ఒకటి ఇనుప పట్టీ మీద.

"ఇది చూడండే, అన్నానికి పిలిచి చేతికి నీళ్లు పోస్తాండారు" అనింది చెల్లెలు.

ఈసారి మేడమ్ నవ్వలేదు. "అది నీళ్లు కాదమ్మా. చెయ్యి తరుక్కుపోతా ఉంది చూడండి. మీ షెడ్డులో ముఖ్యమైన బొమ్మ ఇదే. ఆసిడ్ మీద ఇదే ఉంటుంది, బ్లీచింగు మీద ఇదే ఉంటుంది. ఇది చూస్తే గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు. ఇంకోటి, మూత తీసి వాసన చూసే పని ఇంగ చేయకూడదు. అర్థమైంది అల్వా?"

అందరం తలలూపినాము. చెల్లెలు ఊపలేదు. నా చెవి కాడికి వంగింది.

"అక్కా, రెండిటికీ ఒకే బొమ్మ అయితే ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?"

"గమ్మునుండు మే. పక్కన పేరు రాసిండారు గదా."

"పేరు నాకెట్ల తెలుస్తాది?"

"నేనుండా గదా."

అయినా దానికి తృప్తి కాలేదు. మేడమ్‌ను అడగాలని చెయ్యి పైకెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకొని కిందికి లాగినాను. గట్టిగానే లాగినాను, గాజు ఒకటి చిట్లింది.

ఎందుకు లాగినానో దాచిపెట్టి లాభం లేదు. ఆ పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంగ్లీషు నాకూ రాదు. షెడ్డులో నన్ను "చదువుకున్న అవ్వ" అంటారు. చెల్లెలు అడిగితే మేడమ్ నా పక్కకు తిరిగి, "ఈ అజ్జి చదివి చెప్తుంది" అంటుంది. అప్పుడు అందరి ముందర నేను నోరు తెరుచుకొని నిలబడాల. ఆ సిగ్గుకు లాగినాను. ఇంకేమీ లేదు.

తరగతి అయినాక ఒక రిజిస్టరు తెచ్చినారు. "చెప్పినది అర్థమైనది" అని తెలుగులో రాసి ఉండె, ఆ ముక్క నేను చదివినాను. పదకొండు వేలిముద్రలు, ఒక సంతకం. సంతకం నాది. వేలు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరికీ చూపించింది కూడా నేనే. చెల్లెలి వేలు నేనే పట్టుకొని అద్దినాను.

మరుసటి దినం లేబుళ్లు వచ్చినాయి. పెద్ద డ్రమ్ములకు పెద్దవి. వాటి మీద రెండు మూడు బొమ్మలు, అడుగున చీమల బారు మాదిరి తెలుగు కూడా ఉండె. చిన్న క్యాన్లకు అంత చోటు లేదని చిన్నవి చేపించినారు. వాటి మీద ఒకటే బొమ్మ, చెయ్యి తరుక్కుపోయే బొమ్మ, దాని కింద ఇంగ్లీషు పేరు. రెండు పేర్లూ పొడుగే. రెండూ రెండేసి మాటలే. నేను చాలాసేపు చూసినాను, ఒకదాని మొదటి అక్షరం నిచ్చెన మాదిరి, ఇంకొకదానిది పాము మాదిరి. నిచ్చెన ఆసిడ్, పాము బ్లీచింగు అని మనసులో పెట్టుకున్నాను. అది చెల్లెలికి చెప్పాల్సింది. చెప్తామనుకున్నాను. ఆ పొద్దు పనిలో పడినాము, సాయంత్రం దానికి నా మీద గాజు కోపం ఉండె, మాట్లాడలేదు.

పేలికలు విప్పేయమన్నాడు సూపర్‌వైజరు.

"ఉంటే ఏమప్పా, అవేమి అన్నం అడుగుతాయా?" అన్నాను.

"లేదవ్వా. తనిఖీకి వచ్చేవాళ్లు ఫొటోలు తీస్తారు. సొంత గుర్తులు ఉండకూడదంట. ఒక డబ్బాకు రెండు రకాల గుర్తులుంటే తికమక అంట."

నేనే విప్పినాను. ఎర్రవన్నీ ఒక మూట, తెల్లవన్నీ ఒక మూట కట్టి ఇంటికి తెచ్చి ఉతికి దాచిపెట్టినాను. వాసన చూసేది కూడా పాయె. మూతికి మాస్కులు ఇచ్చినారు, గుడ్డవి, దుమ్ముకు పెట్టుకొనేవి. నేల మీద పసుపు రంగుతో ఒక గడి గీసినారు. "బొమ్మను బట్టి సర్దండి, ఒకే బొమ్మ ఉండేవన్నీ ఒకే చోట" అన్నారు. మూలకొకటి ఉండే క్యాన్లను ఎత్తి ఆ పసుపు గడిలో పక్కపక్కన పెట్టింది నేనే. వరుస తప్పితే ఆడపిల్లల్ని కసిరింది కూడా నేనే. చూసేకి ఎంత ముచ్చటగా ఉండెనో! సూపర్‌వైజరు ఫొటో తీసుకున్నాడు.

అది అయిన మూడో దినం.

ఆ వారం నుంచే ట్యాంకరు ఆరు దినాలకొకసారి అన్నారు, గుంతకల్లు పక్కనుంచి వచ్చే మా చుట్టం ఒకామె ఆడ ఇంకా ఘోరం అని చెప్పింది. చెల్లెలి ఇంట్లో అన్నీ చిన్న బిందెలు. క్యాను వంతు దానిది. పొద్దున్నుంచే "ఈ పొద్దు నాకొక క్యాను వస్తాదక్కా" అని పాట మాదిరి అంటాండె. గాజు కోపం పోయింది, నాకు సద్దిరొట్టె సగం ఇచ్చింది.

మధ్యాన్నం మూడు దాటింటుంది. నన్ను ఆరేసే తీగల కాడికి పంపినారు, ఆడ ఇద్దరు రాలేదని. పనిదిగే పొద్దుకు చెల్లెలు ఒక్కతే ఉంది క్యాన్ల కాడ. పసుపు గడిలో రెండు సగం క్యాన్లు. రెండూ నీలం. రెండిటి మీదా చెయ్యి తరుక్కుపోయే బొమ్మ. ఒకే బొమ్మ, ఒకే చోటు, లోపల ఒకే రంగు నీళ్లు. ఎర్రదీ తెల్లదీ కలవకూడదని దానికి తెలుసు. ఈడ ఎర్రదీ లేదు, తెల్లదీ లేదు. ఒకే బొమ్మ ఉంటే ఒకే మందు అనుకుంది. ఎవరైనా అనుకుంటారు. దాంట్లోది దీంట్లోకి వంచింది, చుక్క పోకుండా, నేను నేర్పించినట్లే.

నాకు ముందు వినపడింది దాని అరుపు. అదే కడపటి అరుపు. ట్యాంకరు వచ్చినప్పుడు అరిచినంత గట్టిగా "అక్కా!" అనింది. నేను తడి ప్యాంటు కింద పడేసి పరిగెత్తినాను. గడి కాడ పచ్చగా, పసుపుగా పొగ, మోకాలెత్తు లేచి పాకుతాంది. మిగతా ఆడోళ్లు బయటికి పరిగెత్తినారు. అది కూడా నాలుగడుగులు బయటికి వచ్చింది. వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగింది. నేను కళ్లారా చూసినాను. వంగి, చేతులతో తడుముకుంటా, క్యానుకు మూత వేసేకి పోయింది.

మూత తెరిచిపెట్టి ఎవరైనా పోతే నేను తిట్టేదాన్ని. ఆరేండ్లు తిట్టినాను. మంట వచ్చినా, మన్ను వచ్చినా మూత వేసి పోండి అనేదాన్ని.

సూపర్‌వైజరే దాన్ని ఈడ్చుకొచ్చినాడు. ఆ పిల్లోడికి కూడా వారం దినాలు దగ్గు ఆగనే లేదు.

హిందూపురం ఆసుపత్రిలో ఒక పూట పెట్టుకొని అనంతపురం పంపినారు. ఆడ పద్దెనిమిది దినాలు ఉంది. ముక్కుకు గొట్టం. డాక్టరమ్మ మంచిగానే చూసింది. "అవ్వా, లోపల కాలిన పుండు మానినా మచ్చ ఉంటుంది. ఆ మచ్చ పడిన కాడ గాలి తీసుకోదు" అని చెప్పింది. "గొంతు వస్తుందా తల్లీ?" అంటే మందుల చీటీ వైపు చూసింది గానీ నా వైపు చూడలేదు. ఆసుపత్రి బయట ఆటోలు, బస్సులు, కాలేజీ పిల్లోళ్లు, ఊరంతా అరుపులే. నేను మెట్ల మీద కూర్చొని ఆ అరుపులు వింటా ఉంటిని. ఎంతమందికి ఎంత గొంతు ఉంది అనిపించేది.

తర్వాత ఒక సారు విచారణకు వచ్చినాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టుకున్నాడు. లేబులు ఉందా? ఉంది. పటం ఉందా? గోడకు ఉంది. గ్లౌజులు, అద్దాలు ఇచ్చినారా? ఇచ్చినారు. శిక్షణ? రిజిస్టరు తెచ్చినారు. పదకొండు వేలిముద్రలు, ఒక సంతకం.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే సారూ."

"అర్థమైందనే కదా పెట్టినావు?"

ఆ పొద్దు నేను లాగిన చెయ్యి గుర్తుకొచ్చి, ఈసారైనా అడుగుదామని నోరు తెరిచినాను. "రెండిటికీ ఒకే బొమ్మ ఉండాది సారూ. చదువు రానోళ్లకు ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?"

ఆయన విసుక్కోలేదు. నిదానంగానే చెప్పినాడు. "అది అంతర్జాతీయ పద్ధతి అవ్వా. ప్రపంచం అంతా అదే బొమ్మ. దాన్ని మనం మార్చేకి లేదు. పేరు చదువుకోవాల."

"పేరు ఇంగ్లీషులో ఉండాది."

"డ్రమ్ము మీద తెలుగులో కూడా ఉంది చూడు."

నేను డ్రమ్ము కాడికి పోయి అద్దాలు పెట్టుకొని చదివినాను. చీమల బారు. "తీవ్ర క్షయకారకము. నేత్రములకు హాని కలిగించును." అక్షరాలు అన్నీ వచ్చినాయి. మొదటి మాట ఏమో నాకు ఈ పొద్దుకూ సరిగ్గా తెలీదు. నేను చదివేలోపల ఆయన జీపు ఎక్కినాడు. మనిషి అజాగ్రత్త అని రాసినారంట. లేబుళ్లు సరిగ్గా ఉన్నాయని కూడా రాసినారంట. ఆ రెండో మాట అబద్ధమని నేను అనలేను. సరిగ్గానే ఉన్నాయి. ఆర్డరు వచ్చింది.

నేను ఇంకా ఆ షెడ్డుకే పోతాండాను. యాడికి పోవాల? చెల్లెలి జాగాలో ఒక కొత్త పిల్ల వచ్చింది, ఆ పిల్లకూ చదువు లేదు. నేను పేలికల మూట మళ్లీ తీసుకపోయి కట్టినాను. మధ్యాన్నానికి విప్పేసి నా చేతికిచ్చినాడు సూపర్‌వైజరు. "అవ్వా, నాకు తెలీదా? కానీ ఫొటోలో పడితే నా ఉద్యోగం పోతాది" అన్నాడు. ఆ పిల్లోడు ఇంకా దగ్గుతాండాడు.

ఇంగ దొంగతనంగా ఇంకొక పని చేసినాను. మూతల లోపలి పక్క కత్తితో గాట్లు పెట్టినాను. ఒక గాటు ఆసిడ్, రెండు గాట్లు బ్లీచింగు. పైకి కనపడదు, ఫొటోలో పడదు. ఆ కొత్త పిల్లకు చీకటి మూలకు తీసుకపోయి చూపించినాను, వేలితో తడిమి చెప్పమన్నాను, చెప్పింది. రెండు నెలలు నాకు కొంచెం నిద్ర పట్టింది. పోయిన వారం ఒక పాము అక్షరం క్యాను మూత తీసి చూస్తే లోపల ఒకటే గాటు. మూతలన్నీ ఒకే కొలత. కడిగినప్పుడు ఎవరో మార్చి బిగించినారు. ఎన్ని మారినాయో నాకు తెలీదు. ఆ పిల్ల వేలితో తడిమి నమ్మకంగా వంచేస్తుంది. ఆ సాయంత్రమే కూర్చొని అన్ని మూతల గాట్లూ బండకు రుద్ది అరగదీసినాను. ఇప్పుడు మళ్లీ ఒకే బొమ్మ. ఆ పిల్లకు "వంచొద్దు, ఏదీ దేంట్లోకీ వంచొద్దు, పారబొయ్యి" అని చెప్పినాను. ఇట్లాంటి మాట నా నోట్లోంచి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. నేను లేనప్పుడు వంచుతాండాదని తెలుసు. దాని ఇంట్లో కూడా క్యాన్లు లేవు.

మొన్న మనవరాలు అనంతపురం కాలేజీ నుంచి వచ్చింది. ఈ కాగితాలు నా మంచం కింద చూసి, బొమ్మల పక్క తిప్పి, "జేజీ, ఇవి మాకు ల్యాబులో ఉంటాయి" అనింది.

"అయితే నువ్వు చెప్పు. రెండు వేరే వేరే మందులకు ఒకే బొమ్మ ఎందుకు పెట్టినారు?"

దానికి అది పెద్ద ప్రశ్నే కాదు. "బొమ్మ మందు పేరు చెప్పదు జేజీ. అది నీకేం చేస్తాదో చెప్తాది. రెండూ చర్మాన్ని కాలుస్తాయి, అందుకని రెండిటికీ అదే. ఏ మందో తెలియాలంటే పేరే చూడాల. అదే మొదట చెప్తారు మాకు."

అంతే. ఇంత చిన్న మాట. నా చెల్లెలు ఆ పొద్దు చెయ్యి ఎత్తి అడిగింటే మేడమ్ ఇదే చెప్పి ఉండేది. పేరు ఎవరికీ రాదని తేలేది. పేలికలు ఉండనియ్యండి అనేదో ఏమో. అనేది కాదో ఏమో.

చెల్లెలి ఇల్లు నా ఇంటి పక్కనే. పోయినాను. గడపలో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. పడుకుంటే ఊపిరాడదు, అందుకని రాత్రీ పగలూ అట్లనే. దాని పక్కన నీలం క్యాను. ఆ పొద్దు అది వంచి ఖాళీ చేసిన క్యానే. దాని వంతు దానికి ఇచ్చినారు, నేనే మోసుకొచ్చినాను. ఏడు నీళ్లు కాదు, ఇరవై నీళ్లు పోసి కడిగినాను. లేబులు మాత్రం ఊడలేదు, గోకితే అంచు లేచింది గానీ చెయ్యి బొమ్మ అట్లే ఉంది. మంచి జిగురు.

మనవరాలు చెప్పింది దానికి చెప్పినాను. అది వినింది. కాసేపు ఊపిరి కూడబెట్టుకుంది.

"నేను అడిగితి గదక్కా" అనింది.

"అడిగితివి."

"నువ్వు..." ఆగింది. దగ్గు. "నువ్వుండా అంటివి."

దాని చెయ్యి పట్టుకున్నాను. గాజులు వేసుకోవడం మానేసింది. ఎముక చేతికి తగులుతాంది.

అప్పుడే మలుపు కాడ ట్యాంకరు హారను వినపడింది. ఆరో దినం. అలవాటు కొద్దీ చెల్లెలు నోరు తెరిచింది. గొంతు నరాలు లేచినాయి, శబ్దం రాలేదు, ఈల మాదిరి గాలి వచ్చింది. పక్కన గరిటె తీసుకొని క్యాను మీద కొట్టింది. క్యాను అడుగున ఇంకా నీళ్లుండె. బద్దుమనింది, అంతే.

నేను లేచి వీధిలోకి పోయి అరిచినాను. "ట్యాంకరొచ్చె! రాండి!" అన్నాను. నాది తిట్టేకి పనికొచ్చే గొంతు, పిలిచేకి కాదు. మా ఇండ్ల వాళ్లు నలుగురు వచ్చినారు. పైవీధి వాళ్లకు వినపడలేదు. డ్రైవరు కాసేపు చూసి పైపు చుట్టుకొని వెళ్లిపోయినాడు. పైవీధి వాళ్లు మళ్లీ ఆరు దినాలు ఆగాల.